సర్దని తాళం

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మా నాన్న ప్రొద్దుటూరు తాలూకాఫీసులో గుమాస్తా. నాకు పంతొమ్మిదేళ్లు. నా తొలి ఫిడేలు కచేరీ జమ్మలమడుగులో, ఒక గుడి ఉత్సవంలో జరిగింది. మృదంగం వాయించినాయన మా గురువుగారి స్నేహితుడు, పేరున్న విద్వాంసుడు. కచేరీ మధ్యలో ఆయన చేతులు ఆపేసి, ముందు కూర్చున్న మా నాన్నతో అన్నాడు:

"ఏందప్పా, నీ కూతురు వాయిస్తాండాదా, పరిగెత్తుతాండాదా? పెండ్లి చేసి పంపీ, ఆడ పరిగెత్తుతాది."

జనం నవ్వారు. మా నాన్న కూడా నవ్వాడు. నాకు ఎక్కువ కాలింది అక్కడే.

ఆ ఊళ్లో పియానో వాయించే ఒక దొరసాని నర్సు ఉండేది. కచేరీకి వచ్చి అంతా చూసింది. మరునాడు నన్ను పిలిపించి మెట్రోనోమ్ అనే చెక్కపెట్టె ఇచ్చింది. కీ ఇస్తే దాని ముల్లు అటూ ఇటూ ఊగుతూ టక్కు టక్కుమని కొడుతుంది. ముల్లు మీది బరువును పైకి జరిపితే నెమ్మది, కిందికి జరిపితే వేగం.

ఆయన అన్నది నిజమేనని మొదటిరోజే తెలిసింది. వేగం పెరిగేసరికి నేను పెట్టెకన్నా ముందుంటున్నాను. నిజమని తెలిశాక పగ ఇంకా పెరిగింది. ఆ చప్పుడుకు తలనొప్పి వస్తోందని మా అమ్మ గొణుగుతున్నా, ఏడాదిపాటు పూటకు రెండు గంటలు సాధన చేశాను. నా చెవి కూడా పదునెక్కింది. మా గురువుగారి కచేరీలో ఆ మృదంగమాయన తనియావర్తనం, అంటే మృదంగం ఒక్కటే మోగే భాగం, వింటూ పట్టుకున్నాను: చివర్లో ఆయనా పరిగెత్తుతాడు. మా గురువుగారు తాళం సర్ది ఆయన పరువు కాపాడుతున్నారు.

మరుసటేడు పులివెందులలో పెండ్లి కచేరీకి పిలిస్తే, మృదంగానికి ఆయనే కావాలని అడిగాను. పెద్ద కీర్తనను విళంబంలో, బాగా నెమ్మదిగా ఎత్తుకున్నాను. ఆయన ముందుకు తోస్తూనే ఉన్నాడు, నేను కదల్లేదు. తనియావర్తనం ఆయనకు వదిలి, ఫిడేలు, కమాను పక్కనబెట్టి, అందరికీ వినిపించేలా తొడమీద తాళం వేశాను. ఆయన ముగింపు, తాళం చుట్టు మొదలయ్యే దెబ్బ, ఆ సమం కన్నా ముందే పడింది. ముందు వరుసలో తాళం వేస్తున్న పెద్దల చేతులు ఇంకా గాల్లోనే ఉన్నాయి. మళ్లీ వేశాడు. మళ్లీ ముందే పడింది. నావైపు వంగి మెల్లగా అన్నాడు:

"కొంచెం సర్దుకో పాపా."

విన్నాను. వెంట్రుకవాసి కూడా సర్దలేదు.

తిరుగు బస్సు ముద్దనూరు దాటింది. మా నాన్న, "తప్పు చేసినావు. ఆయప్ప కాళ్లు పట్టుకో" అన్నాడు. పట్టుకోనన్నాను.

ఆయన నాకు మళ్లీ వాయించలేదు. ఆయన మాట విని ఇంకో ఇద్దరు మృదంగంవాళ్లూ రామన్నారు. మా గురువుగారు మూడు నెలలు పాఠం చెప్పలేదు, అందుకు ఏడ్చాను. ఆరోజు ఆ మృదంగమాయన నుదుట పట్టిన చెమట గుర్తొస్తే మాత్రం ఈరోజుకీ హాయిగానే ఉంటుంది.