గోడకు అవతలి రంపం

మూడేళ్లుగా టైలరక్క దగ్గరికి బట్టలు తెచ్చేవాళ్లు ఆమెతో నోటితో మాట్లాడటం మానేశారు. నడుము ఎంత వదులు కావాలో వేళ్లతో చూపిస్తారు. చేతులు ఎక్కడిదాకా ఉండాలో మోచేతి మీద గీసి చూపిస్తారు. మెడ లోతు దగ్గర మాత్రం సైగలు కుదరక గొడవలవుతాయి కాబట్టి, ఆమె ఒక పలకా బలపమూ కొని గుమ్మం పక్కన వేలాడదీసింది. బడిలో పిల్లల్లా పెద్దవాళ్లు వచ్చి దాని మీద రాసి పోతారు.

ఆమె గోడకు ఆనుకుని రాళ్లు కోసే షాపు ఉంది. అంతకుముందు అక్కడ కాగితాల గోడౌను ఉండేది. ఎలుకలు తప్ప ఇంకేదీ చప్పుడు చేసేది కాదు. షాపు వచ్చాక పొద్దున తొమ్మిదింటికి రంపం తిరగడం మొదలవుతుంది. రాతి పలక మీద ఆ చక్రం దిగినప్పుడు గోడ అదురుతుంది, బల్ల మీద గుండుసూదుల డబ్బా దానంతటదే జరుగుతూ అంచు దాకా వస్తుంది. సాయంత్రానికి ఆమె దాన్ని ఏడెనిమిదిసార్లు వెనక్కి జరుపుతుంది. మూడేళ్లు జరిపింది. ఒక్కరోజు కూడా ఎవరితోనూ ఏమీ అనలేదు.

అనకపోవడానికి ఆమెకో కారణం ఉంది. రంపం దగ్గర నిలబడే మేస్త్రీ తన చొక్కాలు ఆమె దగ్గరే కుట్టించుకుంటాడు. ఒకసారి పలక మీద రాయమని బలపం ఇస్తే నవ్వి, గట్టిగా అరిచినట్టు చెప్పాడు. "రాయడం ఎందుకక్కా, నాకు నువ్వు చెప్పినా సగమే వినపడుద్ది. అందుకే ఈ షాపు పోతే నన్ను ఇంకెవడూ పెట్టుకోడు." అతని చెవులు తినేసింది ఆ షాపే. ఆ చెవులతో ఇంకెక్కడికీ పోలేకుండా చేసిందీ ఆ షాపే. అది తెలిసీ, అతని కూడు పోతుందని ఆమె నోరు మెదపలేదు. షాపు యజమానికి మాత్రం ఆ మౌనం అనుమతిలా వినిపించింది. రెండో ఏడు ఇంకో రంపం తెచ్చాడు.

మూడో ఏడు ఆమె నాన్న ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాడు.

ఆయన ముప్పై ఒక్క ఏళ్లు బస్సు కండక్టరు. కిక్కిరిసిన బస్సులో వెనక మెట్టు మీద నిలబడి "ముందుకి జరగండి" అంటే డ్రైవరు కూడా ముందుకి జరిగేవాడని చెప్పుకునేవారు. ఇప్పుడు ఊపిరితిత్తులు పాడై, మూడు మాటలకోసారి ఆగుతాడు. ముక్కులో గొట్టం, మంచం పక్కన గాలిలోంచి ఆక్సిజన్ తీసే యంత్రం, మూలన ఒక సిలిండరు. ఇంటికి వచ్చి అవన్నీ అమర్చిన నర్సు ఆమెను పక్కకు పిలిచి చెప్పింది.

"యంత్రం ఆగిపోతే బ్యాటరీ మీద కూత పెడుతుందమ్మా. వినగానే వచ్చి సిలిండరు తిప్పాలి. ఆలస్యం చేయకూడదు."

"వినపడకపోతే?"

"వినపడకపోవడం ఏంటి? వీధి చివరిదాకా వినపడుద్ది."

నర్సు వచ్చింది ఆదివారం. ఆరోజు షాపుకి సెలవు.

సోమవారం పదింటికి ఆమె నాన్నతో చెప్పి, ముందు సిలిండరు తిప్పి పెట్టి, యంత్రం ప్లగ్గు తనే పీకింది. కూత మొదలయింది. మధ్య తలుపు మూసి ముందు గదిలోకి వచ్చి కుట్టుమిషను దగ్గర కూర్చుంది. గోడవతల రంపం రాతిలో దిగింది. ఆమె చెవులు రిక్కించింది. ఊపిరి బిగబట్టి విన్నది. ఏమీ లేదు. లేచి తలుపు తీసి చూస్తే యంత్రం గొంతు చించుకుంటోంది, నాన్న ఆమె వైపే చూస్తున్నాడు. ఆమె ప్లగ్గు మళ్లీ పెట్టి, సిలిండరు కట్టేసింది.

తలుపు తీసి ఉంచి కుట్టుకోవచ్చు కదా అని మీరనొచ్చు. బట్ట కత్తిరిస్తే, కుడితే, కంటికి కనపడని నూగు లేస్తుంది. ఆ నూగు ఆయన ఛాతీలోకి పోకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. కుట్టకపోతే ఇల్లు గడవదు. అందుకని ఆమె తనకు తెలిసిన దారే పట్టింది. నాన్న చూపుడువేలికి దారం కట్టి, తలుపు కింది సందులోంచి తెచ్చి, రెండో కొస తన ఎడమ మణికట్టుకు చుట్టుకుంది.

"గాలిపటాన్ని చేశావే నన్ను," అన్నాడాయన.

"ఎగరకుండా ఉంటావని."

"సరే, నా బెల్లు నాకిచ్చావు. ఒకటి కొడితే ఆగు. రెండు కొడితే పోనీ. గుర్తుందా?"

గుర్తుండకపోవడం ఏమిటి, చిన్నప్పుడు ఆ బెల్లు తాడు లాగాలని ఆయన చంకలో కూర్చుని ఏడ్చేది. అలా కుదిరింది వాళ్ల ఒప్పందం. పావుగంటకోసారి ఆమె దారం లాగుతుంది. ఆయన రెండు లాగితే, ఏమీ లేదు, పోనీ అని. ఆయనంతట ఆయన ఒక్కటి లాగితే, ఉన్నపళంగా పని ఆపి రమ్మని.

ఎంత దారం కట్టుకున్నా ఆమెకు ధైర్యం చాలలేదు. మర్నాడే ఎదురింటి ఇస్త్రీ పెద్దమ్మను నాన్న దగ్గర కాసేపు కూర్చోబెట్టి పురపాలక ఆఫీసుకు వెళ్లింది. మూడో కిటికీ దగ్గర గుమాస్తా చెప్పాడు, ఇళ్ల మధ్య పగటిపూట చప్పుడు యాభై అయిదు డెసిబెల్స్ దాటకూడదట. దాటితే షాపుకు తాళం వేసే అధికారం కూడా ఉందట. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఇంత చట్టం ఉండి మూడేళ్లు డబ్బా జరుపుకుంటూ కూర్చున్నానా అనుకుంది.

"పేరు, ఇంటి నంబరు, సంతకం," అన్నాడు గుమాస్తా.

"పేరు లేకుండా ఇవ్వకూడదా బాబూ?"

"పేరు లేకపోతే దాన్ని ఆకాశరామన్న ఉత్తరం అంటారమ్మా, ఫిర్యాదు అనరు. ఒక కాపీ షాపాయనకి వెళ్తుంది."

"నా పేరుతోనా?"

"మరి నా పేరుతో పంపమంటావా?"

ఆమె రాసింది.

షాపు యజమానిని వీధంతా బాబాయ్ అంటారు. ఎవరికీ చుట్టం కాడు, అందరినీ వరసపెట్టి పిలుస్తాడు. నాలుగు రోజుల తర్వాత ఆ కాపీ చేత్తో పట్టుకుని ఆమె గుమ్మంలోకి వచ్చాడు. రంపం ఆపించి మరీ వచ్చాడు. ఆ గదిలో పనిరోజు పగలు ఒక మనిషి గొంతు మామూలుగా వినపడటం మూడేళ్లలో అదే మొదటిసారి.

"ఏమ్మా అమ్మాయ్, నాతో ఒక్క మాట చెప్తే పోయేదిగా."

ఆమె జాకెట్టు అంచు మడిచి మిషను సూది కిందికి తోసింది.

"నాన్నగారికి బాలేదని రాశావు. పాపం. ఆయన గది కిటికీ మా యార్డులోకేగా తెరుచుకునేది?" కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "గాలీ వెలుతురూ ఉండాలమ్మా రోగి గదికి. జాగ్రత్తగా చూసుకో."

ఆ మాటలో తిట్టు లేదు, బెదిరింపు లేదు. పోలీసులకు చెప్పుకోవడానికి ఒక్క ముక్క కూడా దొరకదు. మర్నాడు పొద్దున ఆ కిటికీకి అవతల నల్లరాతి పలకలు నిలువునా పేర్చి ఉన్నాయి. నాన్న గదిలో పగలే లైటు వేయాల్సి వచ్చింది. ఆ రోజు నుంచి ఆమె వీధిలోకి వెళ్లేటప్పుడు రెండుసార్లు గడియ చూసుకునేది, అడుగుల చప్పుడు వినపడదు కాబట్టి నడుస్తూ వెనక్కి తిరిగి చూసుకునేది.

తనిఖీ తేదీ ఇద్దరికీ ఒకే రోజు ఉత్తరంలో వచ్చింది. గురువారం, పదకొండు గంటలు. ముందుగా చెప్పి రావాలన్నది నిబంధన.

గురువారం రంపాలు రెండూ ఎనిమిదింటికే మొదలయ్యాయి. ఆ పొద్దున గోడ అదిరినట్టు ఎప్పుడూ అదరలేదు. ఆమె ముందు గదిలో చేతికందిన జాకెట్టు కుడుతూ, ఒక కన్ను వీధి మీదే పెట్టి కూర్చుంది. భయంతో ఆ రోజు మామూలుకంటే ఎక్కువసార్లు దారం లాగింది. పదింబావుకు లాగితే మణికట్టు దగ్గర టక్ టక్ మని రెండు. పోనీ. పదిన్నరకు రెండు. పోనీ. పది నలభైకి రెండు. పావు తక్కువ పదకొండుకు రెండు. నాన్న హుషారుగానే ఉన్నాడనుకుంది.

పదకొండుకు ఐదు నిమిషాలుందనగా రంపాలు ఆగిపోయాయి.

ఆమె చెవుల్లో హోరు ఇంకా తగ్గకముందే ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మూడుకాళ్ల స్టాండు మీద మీటరు బిగించి, ఆమె గుమ్మం ముందు నిలబెట్టాడు. వీధి నిశ్శబ్దంగా ఉంది. షాపు ముందు బాబాయ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఆ కూత ఏంటమ్మా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

అప్పుడు విన్నది ఆమె.

తలుపు తోసుకుని లోపలికి పరుగెత్తింది. నాన్న పెదవులు నీలంగా ఉన్నాయి. కళ్లు తెరిచే ఉన్నాయి. చూపుడువేలు ముడుస్తున్నాడు, చాపుతున్నాడు, ముడుస్తున్నాడు. వేలికి జానెడు దారం వేలాడుతోంది. ఆమె సిలిండరు తిప్పి, గొట్టం మార్చి, ఆయన వీపు పట్టుకుని కూర్చోబెట్టింది. గోడ అదురుకి ప్లగ్గు కొంచెం కొంచెంగా జారి, సాకెట్లోంచి ఊడి వేలాడుతోంది.

దారం ఎప్పుడో తెగింది. కుట్టేవాళ్లకు దారాల్లో తేడాలు తెలుసు. ముసలి చర్మం, వేలు కోసుకుపోతుందని ఆమె గట్టి దారం మానేసి, కచ్చాకుట్లకు వాడే మెత్తటి దారం కట్టింది. అది ఊడదీయడానికి పుట్టిన దారం, గట్టిగా లాగితే తెగుతుంది. తెగిన కొస తలుపు అడుగున చెక్క చీలికలో ఇరుక్కుంది. ఆమె లాగి బిగించిన ప్రతిసారీ, రెండు రంపాల అదురుకి తలుపు రెండుసార్లు చట్రానికి కొట్టుకుని దారాన్ని గుంజింది. దారం తెగాక ఆమెకు పోనీ అని జవాబు చెప్పింది నాన్న కాదు, గోడవతలి రంపాలు.

యంత్రం ఎంతసేపు ఆగిందో నర్సు వచ్చి దాని లోపలి లెక్క చూసి చెప్పింది. పదిహేడు నిమిషాలు.

సాయంత్రానికి ఆయనకు మాట వచ్చింది. "ఒకటే కొట్టాను తల్లీ. కొడుతూనే ఉన్నాను. బండి ఆగలేదే," అన్నాడు.

మీటరు చూపించిన అంకె ఇన్‌స్పెక్టరు ఆ రోజే రాసుకుపోయాడు. ఆమె ఆఫీసుకు వెళ్లి మొరపెట్టుకుంటే, "నేను విన్నది రాస్తానమ్మా, విననిది ఎట్లా రాయను?" అన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు, తల వంచుకునే అన్నాడు. పది రోజులకు కాగితం వచ్చింది. షాపు నుంచి శబ్దమేదీ లేదు. పరిమితిని మించిన శబ్దం, అరవై ఎనిమిది డెసిబెల్స్, ఫిర్యాదుదారు ఇంటి నుంచే వస్తున్నది. తగ్గించుకోవలసిందిగా సూచించడమైనది. ఫిర్యాదు మూసివేయడమైనది.

కాపీ షాపుకూ వెళ్లింది. "కాస్త చప్పుడు తగ్గించుకోమ్మా అమ్మాయ్," అన్నాడు బాబాయ్ వీధిలో, పదిమంది వినేలా. "మా పనివాళ్లకి ఇబ్బందిగా ఉంది." ఇద్దరు ముగ్గురు నవ్వారు. నవ్వకపోతే తమ కిటికీ ముందు కూడా రాళ్లు లేస్తాయని వాళ్లకు తెలుసు.

ఇప్పుడు ఆమె కుట్టుమిషను మీద గుడ్డ కప్పి ఉంది. నాన్న మంచం పక్కన నేల మీద కూర్చుని, నూగు లేవని పని మాత్రం, గుండీలూ కాజాలూ, చేత్తో చేసుకుంటోంది. ఒక చెయ్యి ఆయన ఛాతీ మీద వేసి ఉంచుతుంది. ఆ ఛాతీ లేవడం ఒక్క క్షణం ఆలస్యమైతే సూది ఆగిపోతుంది.

మూడో కిటికీ గుమాస్తా ఆమెను చూసి ఈసారి వేళాకోళం ఆడలేదు. గొంతు తగ్గించి ఇంకో నిబంధన చెప్పాడు. ఒక్కరే ఫిర్యాదు చేస్తే ముందుగా చెప్పి రావాలి. ఐదు ఇళ్లవాళ్లు సంతకం చేస్తే చెప్పకుండా ఎప్పుడైనా వచ్చి కొలవొచ్చు. ఆ నిబంధన ఉందని ఆ వీధిలో ఎవరికీ తెలియదు. ఎవరూ చెప్పలేదు. ఆమె కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. ఎదురింటి ఇస్త్రీ పెద్దమ్మ సంతకం రాక వేలిముద్ర వేసింది. పైమేడ పంతులుగారు తలుపు సగమే తీసి, "మాకేం చప్పుడు వినపడట్లేదమ్మా," అని అరిచి చెప్పారు, రంపం మీద తన మాట వినపడాలి కదా. మిగతావాళ్లు రేపు చూద్దామన్నారు. రెండిళ్లు ఉన్నాయి, మూడు కావాలి. రేపు అనేది ఆ వెనక గదిలో ఎన్నిసార్లు వస్తుందో ఎవరికీ తెలియదు.

మీరు ఆ వీధిలో ఉండకపోవచ్చు. మీ వీధిలోనూ ఒక గోడ అదురుతూనే ఉంటుంది, దాని వెనక ఎవరో భయంతో నోరు మూసుకుని ఉంటారు. ఈ వారమే మీ వార్డు ఆఫీసుకు వెళ్లండి. చప్పుడు మీద మీ ఊరి నిబంధనలు కాగితం మీద అడిగి తీసుకోండి. ఫిర్యాదు చేసినవాళ్ల పేరు అవతలివాళ్లకు పంపడం ఆపమనండి, చెప్పి వచ్చే తనిఖీలు మానమనండి, రంపాల దగ్గర నిలబడేవాళ్ల చెవులకు రక్షణ ఇప్పించమనండి. ఒంటరిగా వెళ్లకండి, నలుగురిని వెంటబెట్టుకుని వెళ్లండి. మీ తలుపు ముందుకు ఎవరైనా కాగితం పట్టుకుని వస్తే తలుపు పూర్తిగా తీయండి. రేపు రమ్మనకండి. అక్కడే, గుమ్మంలోనే నిలబడి సంతకం పెట్టండి.