పిన్ని కోసం రాసిన కాగితం

పోయిన ఆదివారం తాడేపల్లిలో ఒక గృహప్రవేశానికి వెళ్ళాను. పులిహోర, బూరెలు, గోంగూర పచ్చడి, అన్నీ తెల్లగా మందంగా ఉన్న పళ్ళేల్లో వడ్డించారు. "చెరకు పిప్పితో చేసిన ప్లేట్లండీ, మట్టిలో ఇట్టే కలిసిపోతాయి" అని ఇంటావిడ మురిసిపోతూ చెప్పింది. తీపంటే పడిచచ్చే దాన్ని, రెండో బూరె వద్దన్నాను. షుగరేమోనని పక్కావిడ జాలిపడితే అవునన్నట్టు తలూపాను. నిజం దాచడం నాకు కొత్త కాదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో గుంటూరులో, నల్లపాడు వెళ్ళే దారికి దగ్గరగా ఒక సందులో అద్దెకుండేవాళ్ళం. నేను బళ్ళో తెలుగు టీచర్ని. సందు మొదట్లో చెరకు రసం బండి ఉండేది. ఎండాకాలం పొద్దంతా దాని చక్రానికి కట్టిన గజ్జెలు మోగుతూనే ఉండేవి. పిండగా మిగిలిన పిప్పినంతా ఇడ్లీలమ్మే ఒకావిడ బుట్టతో మోసుకొచ్చి మా ప్రహరీ పక్కన ఎండబెట్టుకునేది. సందులో అందరికీ ఆవిడ పిన్నే. మన గుంటూరు ఎండకి రెండు రోజుల్లో పిప్పి పెళపెళలాడేది. దాంతోనే తెల్లారి ఆవిడ పొయ్యి రాజుకునేది. అల్లప్పచ్చడితో ఆ ఇడ్లీలు నేనూ రోజూ తిన్నదాన్నే. కట్టెలు కొనే పని లేదు గనకే ఆవిడ వ్యాపారం నడుస్తోందని నాకు తెలుసు. తెలియక చేశానని సర్దిచెప్పుకునే వీలు కూడా లేదు.

ఆ వేసవిలో మేడ మీద గుమ్మడి వడియాలు పెట్టాను. పచ్చి పిప్పి మీది ఈగలన్నీ పైకొచ్చి వాటి మీద వాలాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. పిన్నితో ఒక్క మాటంటే నాలుగు గజాలు అవతల పరుచుకునేది. కానీ ఎదురుగా అడగాలంటే నాకు మొహమాటం, కాగితం మీద మాత్రం ఎక్కడలేని ధైర్యం. దుర్గంధం, అంటువ్యాధులు అంటూ ఒక పేజీ నిండా రాసి, కింద "ఇట్లు, వీధివాసులు" అని పెట్టి వార్డు ఆఫీసులో పడేయించాను. మూడోనాడు ట్రాక్టరొచ్చి పిప్పినంతా ఎత్తుకుపోయింది. ఇకమీదట ఎవరికీ ఇవ్వొద్దని రసం బండి అతనికి గట్టిగా చెప్పి వెళ్ళారు.

ఆ సాయంత్రమే పిన్ని మా గుమ్మంలోకి వచ్చింది. "టీచరమ్మా, ఎవడో అర్జీ పెట్టాడంట. వాడి పొయ్యిలో పిల్లి పడుకోనూ! మీ రాత ముత్యాల్లా ఉంటదంటగా, నాకూ ఒక కాయితం రాసిపెట్టండమ్మా. పిప్పి లేకపోతే నా బండి నడవదు" అంది. నేను లోపలికెళ్ళి ఒక గ్లాసు మంచినీళ్ళు తాగొచ్చి కూర్చున్నాను. కలం పట్టుకున్నాక గుర్తొచ్చింది. మొదటి అర్జీ ఆఫీసులోనే ఉంటుంది, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే? అందుకని ఎడమ చేత్తో రాశాను. చదువురాని పిన్ని ఆ కోడిగీతల్ని తిప్పితిప్పి చూసుకుని "ఎంత చక్కగా ఉందో" అంది.

మర్నాడు మండిపడుతూ తిరిగొచ్చింది. "చదవడానికి రావట్లేదు, సరిగ్గా రాయించుకుని రమ్మన్నాడమ్మా ఆ గుమాస్తా! మా టీచరమ్మ రాసిందానికే వంక పెడతావా, నీకే చదువు రాదని కడిగేసి వచ్చా" అంది. అప్పుడైనా కుడిచేత్తో ఇంకో కాగితం రాయొచ్చు. నిజం చెప్పేయొచ్చు. నేను "పోనీలే పిన్నీ" అన్నాను. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నెల తిరక్కుండా ఇడ్లీ బండి మూతపడింది. పిన్ని మిరపకాయలకి తొడిమలు తీసే పనికి కుదిరింది. మరుసటేడు మాకు బదిలీ అయ్యి సామాను లారీకి ఎక్కిస్తుంటే, పని మధ్యలోనే పరుగెత్తుకొచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. "ఇంతమందిలో నాకోసం కాయితం రాసింది మీరొక్కరేనమ్మా" అంది. ఆవిడ చేతుల కారం నా చేతులకి అంటుకుని, ఎన్నిసార్లు కడిగినా అవి రాత్రిదాకా మండుతూనే ఉన్నాయి.

ఇరవై ఏళ్ళకి పిప్పికి విందు భోజనాల్లో చోటు దొరికింది. ఆ కాగితం కావాలనే ఎడమ చేత్తో రాశాననీ, అంతకుముందు అర్జీ పెట్టింది నేనేననీ పిన్నికి చెప్పడానికి మాత్రం నాకు ఇరవై ఏళ్ళూ చాలలేదు.