అరవై నాలుగు చుట్లు

మా అక్కను ఇంట్లో అందరూ ఆరంభశూరురాలు అనేవారు. ఆ మాట అందరికన్నా ఎక్కువసార్లు అన్నది నేనే కాబట్టి ఈ కథ చెప్పాల్సిన బాధ్యత కూడా నాదే. టైపు నేర్చుకుంటానని చేరింది, లోయరు పరీక్ష రాయలేదు. హార్మోనియం కొంది, మూడు పాటలు దాటలేదు. ఈతకు వెళ్తానని నల్లటి టోపీ తనే కుట్టుకుంది. చివరికి ఆ టోపీ పిండి డబ్బా మూతకు తొడుగయింది. మా అక్క ఏది పట్టుకున్నా మూన్నాళ్ల ముచ్చటే అని వచ్చేపోయేవాళ్లకు చెప్పి నవ్వించేదాన్ని.

కుట్టుపని ఒక్కటే అలా కాలేదు. ఇంటి కింద గదిలోనే మా కొట్టు. రెండు మిషన్లు, ఒక కత్తిరింపు బల్ల, గోడకు నిలువుటద్దం. అక్క కొలతలు తీసుకుని కత్తిరించి కుట్టేది. కాజాలు, గుండీలు, చేతికుట్టు నా వంతు. ఇప్పుడా గదిలో ఎవరో ఫోన్ల తొడుగులు అమ్ముతున్నారు. అటు వెళ్లినప్పుడల్లా మిషన్ నూనె వాసన, సుద్ద వాసన వస్తున్నట్టే ఉంటుంది నాకు. రావు, తెలుసు. అయినా ఒక నిమిషం అక్కడ నిలబడతాను.

అక్కకు నలభై ఏడేళ్లప్పుడు, డ్రిల్లు మాస్టారు ప్యాంటు నడుము వదులు చేయించుకోవడానికి వచ్చి చేతిలోని కరపత్రం బల్ల మీద మరిచిపోయాడు. ఊళ్లో మారథాన్ పరుగు. నలభై రెండు కిలోమీటర్లు, ఆరు గంటల్లో పూర్తి చేయాలి. ఆరు గంటలు దాటితే దారి మూసేస్తారు, వెనకబడినవాళ్లను బండెక్కించి తీసుకొస్తారు. మర్నాడు ప్యాంటు తీసుకోవడానికి వచ్చిన ఆయన్ని అక్క అడిగింది.

"మాస్టారూ, ఇది నాలాంటివాళ్లు కూడా పరిగెత్తొచ్చా?"

"ఎవరైనా పరిగెత్తొచ్చమ్మా. కానీ నీకెందుకులే, పొద్దస్తమానం కూర్చుని చేసే పనాయె."

ఆ "నీకెందుకులే" అక్కకు ఎక్కడో తగిలింది. వారం తిరిగేసరికి ఆయన చేతే పద్దెనిమిది వారాల సాధన కాగితం రాయించుకుని, అద్దం పక్కన గుండుసూదితో గుచ్చింది. నేను ఆ కాగితం చూసి, "మూడో వారానికి దీంతో పొట్లం కట్టుకుందాం" అన్నాను. అక్క కూడా నవ్వింది.

మా వీధి చివర ఖాళీ మైదానం. చుట్టూ తిరిగితే అర కిలోమీటరు ఉంటుందన్నాడు మాస్టారు. "ఉంటుంది" అనే మాట మా అక్కకు పడదు. ఛాతీ ముప్ఫై ఆరు ఉంటుందని చొక్కా కత్తిరిస్తామా? మెడలో వేసుకునే టేపు తీసి, ఒక ఆదివారం పొద్దున్నే నేల మీద వంగి, టేపు పరిచి సుద్ద గీత, మళ్లీ టేపు పరిచి గీత, అలా మూడు వందల ఇరవై ఎనిమిది టేపులు కొలిచింది. వాకింగుకు వచ్చిన పెద్దమనిషి, "ఏమ్మా, మైదానానికి చొక్కా కుడుతున్నావా?" అన్నాడు. అక్క తలెత్తకుండా, "బట్ట చాల్లేదండీ" అంది. లెక్క సరిగ్గా అయిదు వందల మీటర్లు వచ్చేలా మూలల్లో ఇటుకలు పెట్టింది.

చుట్లు లెక్కపెట్టడం నా పని. మైదానం అంచున మెట్టు మీద కూర్చుని కాజాలు కుట్టుకుంటూ, అక్క నా ముందు నుంచి వెళ్లినప్పుడల్లా ఒక గుండీ ఈ డబ్బాలోంచి ఆ డబ్బాలో వేసేదాన్ని. మూడో వారం గడిచింది, ఎనిమిదో వారం గడిచింది. కాగితంతో పొట్లం కట్టే అవకాశం నాకు రాలేదు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ తెల్లవారుజాములే మేమిద్దరం కలిసి గడిపిన మంచి రోజులనిపిస్తుంది. అప్పుడు మాత్రం దోమలు కుడుతున్నాయని సణిగాను.

కష్టమంతా పద్నాలుగో వారం నుంచి మొదలైంది. వారానికొకసారి ముప్ఫై రెండు కిలోమీటర్లు, అంటే అరవై నాలుగు చుట్లు. నాలుగున్నర గంటల్లో పూర్తి కాకపోతే అసలు రోజు ఆరు గంటల్లో చేరడం కల్ల అని మాస్టారు ముందే చెప్పాడు. అంత దూరం ఒక్కసారిగా తలుచుకుంటే భయమేస్తుందని అక్క ఒక ఉపాయం కనిపెట్టింది. ఒక్కో చుట్టూ చొక్కాలో ఒక్కో ముక్క. ముందు భాగాలు రెండు, వెనక భాగం, భుజం పట్టీ, చేతులు రెండు, కాలరు, జేబు. ఎనిమిది చుట్లకు ఒక చొక్కా. మొత్తం ఎనిమిది చొక్కాలు.

"ఎంతవరకొచ్చింది?" అని నేను అరిచేదాన్ని.

"అయిదో చొక్కా, కుడి చెయ్యి!" అని రొప్పుతూ వెళ్లిపోయేది.

ఆ వారాల్లోనే బడి యూనిఫాంలు వచ్చి పడ్డాయి. పగలంతా మిషన్ తొక్కడం, పొద్దున్నే పరుగు. కాలి గోరు ఒకటి నల్లబడి ఊడిపోయింది. మెట్లు దిగాలంటే వెనక్కి తిరిగి దిగేది. అంత చేసినా పద్నాలుగో వారం నాలుగు గంటల ముప్ఫై తొమ్మిది నిమిషాలు పట్టింది. పదహారో వారం నాలుగు గంటల నలభై.

ఆ రోజు అక్క మెట్టు మీద కూలబడి బూట్లు విప్పింది. "ఇక చాల్లే. నా వల్ల కాదు" అంది.

నా నోరు ఊరుకోలేదు. "నాకు తెలుసు. ఆరంభశూరత్వం ఎక్కడికి పోతుంది?" అన్నాను.

అక్కకు కోపం రాలేదు. వచ్చినా బాగుండేది.

"టైపు పరీక్ష రోజు నీకు పురుడొచ్చింది. హార్మోనియం నేర్చుకునేటప్పుడు అమ్మ పడి తుంటి విరగ్గొట్టుకుంది. ఈత మొదలెట్టిన నెలలోనే నీ కూతురికి కామెర్లు. ప్రతిసారీ ఎవరో ఒకరు 'ఇక ఆపవే' అన్నారు, ఆపాను. దానికి నాకేం బాధ లేదు. ఈసారి ఎవరూ ఆపమనలేదు. అందరూ బాగానే ఉన్నారు. నా కాళ్లే ఆగిపోయాయి. అంటే నిజంగానే నాకు చేతకాదన్నమాట. అదే బాధ."

నాకు తల కొట్టేసినట్టయింది. ఇరవై ఏళ్లు నేను నవ్వించిన నవ్వులన్నీ ఒక్కసారిగా నా మీదకే వచ్చి పడ్డాయి. పరీక్ష రోజు ఆస్పత్రిలో నా చెయ్యి పట్టుకుని కూర్చున్నది అక్కే. ఆ సంగతి నాకు గుర్తే. ఆ రెండూ ఒకే రోజన్నది మాత్రం నేనెప్పుడూ కలిపి చూడలేదు.

తర్వాత రెండు రోజులు అక్క మైదానానికి వెళ్లలేదు. మూడో రోజు ఒక లారీ డ్రైవరు చొక్కా పట్టుకుని వచ్చాడు. అతను లారీ మీద ఊళ్లు తిరుగుతున్నప్పుడు, వాళ్లావిడ అతని పాత టైలరు రాసిచ్చిన కొలతల చీటీ తెచ్చి మాకిచ్చి కుట్టించింది.

"ఇదేంటక్కా, ఇందులో నాతోపాటు మా ఆవిడ కూడా పడుతుంది!" అన్నాడతను.

ఇన్నేళ్లలో వదులైందని మా కొట్టుకు చొక్కా తిరిగొచ్చింది అదే మొదటిసారి. అక్క ముఖం పాలిపోయింది. చీటీ చూసి చొక్కా కొలిచింది, సరిగ్గానే ఉంది. మళ్లీ కొలిచింది, సరిగ్గానే ఉంది. డ్రైవరేమో అందులో ఈదుతున్నాడు. నేను వీధి చివరి కొట్టుకెళ్లి కొత్త టేపు కొని తెచ్చి బల్ల మీద పాత టేపు పక్కన పరిచాను. పాత టేపు అరవై అంగుళాల గీత, కొత్త టేపు అరవై దాటి ఇంకో రెండున్నర అంగుళాలు అవతలుంది.

గుడ్డ టేపు, ఏళ్లపాటు లాగి లాగి సాగిపోయింది. ఒంటినీ దానితోనే కొలిచాం, బట్టనూ దానితోనే కొలిచాం. తప్పుకు తప్పు సరిపోయి చొక్కాలన్నీ అతికినట్టు కుదిరాయి. వేరే టేపుతో కొలిచిన చీటీ వచ్చేదాకా ఎవరికీ తెలియలేదు. అప్పుడు తట్టింది నాకు.

"అక్కా! మైదానం!"

మేస్త్రీని అడిగి ఇనుప టేపు తెచ్చాం. కొలిస్తే చుట్టు అయిదు వందలు కాదు, అయిదు వందల ఇరవై పైచిలుకు. అరవై నాలుగు చుట్లంటే అక్క ముప్ఫై మూడు కిలోమీటర్లు దాటి పరిగెత్తుతోంది. మాస్టారు వేళ్ల మీద లెక్క కట్టి, ముప్ఫై రెండుకి నాలుగు గంటల ఇరవై తొమ్మిది నిమిషాలే పట్టిందని తేల్చాడు. అక్క సుద్ద ముక్క చేతిలో పట్టుకుని మైదానం మధ్యలో చిన్నపిల్లలా ఏడ్చింది. డ్రైవరుకు ఇంకో చొక్కా కుట్టిచ్చాం. దానికి గుండీలు నేనే రెండేసి ముళ్లు వేసి మరీ కుట్టాను.

పరుగు రోజున నేను చివరి గీత దగ్గర అక్క చెప్పులు పట్టుకుని నిలబడ్డాను. అయిదున్నర గంటలు దాటాయి. అయిదూ నలభై అయ్యింది. దారికి అటూ ఇటూ కట్టిన తాళ్లు విప్పడానికి మనుషులు సిద్ధమవుతున్నారు. అయిదూ నలభై తొమ్మిదికి మలుపులో అక్క కనిపించింది. ఒక కాలు ఈడుస్తోంది, పెదవులు కదులుతున్నాయి, ఏ చొక్కాలో ఏ ముక్కో మరి. అయిదూ యాభై మూడుకి గీత దాటింది. మాస్టారు ఈల వేశాడు. ఎవరో మెడలో పతకం వేశారు.

అక్క ఆగలేదు. పతకంతోనే ముందుకు నడుస్తూ పోతోంది. పడిపోతుందేమోనని నాకు భయమేసింది. పరిగెత్తి వెళ్లి భుజం పట్టుకున్నాను.

"అయిపోయిందే అక్కా, ఇక ఆపవే!"

అక్క నా చెయ్యి మెల్లగా తీసేసింది.

"ఆ మాట ఈ ఒక్కరోజు అనకే" అంది.

అక్క ఎంత దూరం నడుస్తానంటే అంత దూరం, చెప్పులు పట్టుకుని పక్కనే నడిచాను.