ఔటర్ దీపం మీద సంజాయిషీ

కురుమూర్తి సాలెల ఇంట పుట్టాడు గానీ, మగ్గం మాత్రం అతన్ని ఏనాడూ తనవాడు అనుకోలేదు. గద్వాలలో తండ్రి పదేండ్లు మగ్గం గుంటలో కూర్చోబెట్టి నేర్పాడు. తెగిన పోగు ఒకటి అతకబోయి పక్కనున్న నాలుగు పోగులు తెంపే చెయ్యి అతనిది. తండ్రి తిట్టి చూశాడు, దేవునికి మొక్కి చూశాడు. చివరికి విసిగిపోయి మగ్గాన్ని కోడలు పద్మమ్మకు అప్పగించి, కొడుకును రైలు కొలువుకు తోలాడు. ఇంటి పరువుకు ఆ పెద్దాయన చేసిన మేలు అంతా ఇంతా కాదు. పద్మమ్మ నేసిన పట్టంచు చీరను వంక పెట్టకుండా తీసుకుపోని షావుకారు లేడు.

గద్వాలకు ఒక స్టేషను ఇవతల, రోజుకు నాలుగు బండ్లు ఆగే చోట కురుమూర్తి లాంపుమాన్ అయ్యాడు; మగ్గంతో సహా కాపురం ఆ ఊరికే మారింది. సిగ్నలు స్తంభాల మీది దీపాలు దించి, మసి తుడిచి, వత్తి కత్తిరించి, నూనె పోసి, పొద్దు వాలే వేళకు మళ్ళీ ఎక్కించడం అతని పని. పోగు ముడి వెయ్యడం రాని మనిషి స్తంభం మాత్రం ఉడుతలా ఎక్కేవాడు. ఊరి చివర ఉండే ఔటర్ సిగ్నలు అంటే అతనికి ప్రత్యేకమైన అభిమానం. హైదరాబాదు నుంచి వచ్చే బండి ఎంత పెద్దదైనా, అందులో ఎంత గొప్పవాళ్ళు కూర్చున్నా, తన దీపం ఎర్రగా చూస్తే ఆగి తీరాలని కనిపించిన ప్రతివాడికీ చెప్పేవాడు. విన్నవాళ్ళు రెండోసారి కనిపించకుండా తిరిగేవారు.

అంతలో యుద్ధం వచ్చింది. గాసునూనె, అంటే కిరసనాయిలు, కరువైంది. పగలంతా వంటా నీళ్ళూ పిల్లలూ సరిపోయి, పద్మమ్మ మగ్గం ఎక్కేది పొద్దు గూకాకే. దీపం లేకపోతే నేత లేదు. అందుకని కురుమూర్తి వారానికి ఒక్క సీసా, సరిగ్గా ఒక్కటే, స్టేషను నూనె ఇంటికి తెచ్చేవాడు. దీపంలో ఆ మేరకు పడిన వెలితిని కానుగ నూనె పోసి నింపేవాడు. నూనె నూనే కదా అనుకున్నాడు. స్టేషన్ మాస్టరు రామచంద్రయ్య కొలిచి ఇచ్చే నూనె కూడా ఎందుకో రానురాను తగ్గుతూ వచ్చింది. కానుగ నూనె ఇంకొంచెం ఎక్కువ పడుతూ వచ్చింది. మాస్టరును అడిగే ధైర్యం కురుమూర్తికి లేదు, అడిగే మొహమూ లేదు.

ఇలా ఉండగా ఒకనాడు పై ఆఫీసు నుంచి టైపు కాగితం ఒకటి దిగింది. రామచంద్రయ్య కళ్ళజోడు పెట్టుకుని గట్టిగా చదివాడు. ఔటర్ సిగ్నల్ లాంప్ ఫౌండ్ ఫ్లికరింగ్. లాంపుమాన్ ఏడు రోజుల్లో రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలి, లేకుంటే కొలువు నుంచి తీసివేయబడును. ఫౌండ్ దాకా గడగడా చదివిన గొంతు ఆ తర్వాతి మాట దగ్గర ఒకసారి దగ్గింది. మాస్టరు ఇంగ్లీషంతా తంతి ఇంగ్లీషు, టెలిగ్రాములో వాడేంత. బండి వచ్చింది, బండి పోయింది, లైను ఖాళీగా ఉంది. దాన్ని దాటి వచ్చే మాటలతో ఆయనకు పెద్దగా పరిచయం లేదు. తనకు తెలియదని చెప్పడం కన్నా పట్టాల మీద పడుకోవడం నయమనుకునే మనిషి.

ఆ మాటకు అర్థమేమిటని కురుమూర్తి అడిగాడు.

"చేసినోనివి నీకెరుక ఉండాలె. నన్నడుగుతవేంది?" అన్నాడు మాస్టరు, కాగితం చేతిలో పెట్టి.

అక్కడ మొదలైంది కురుమూర్తి పరేషాను. దీపం ఏదో చేస్తూ దొరికిపోయింది. ఏం చేస్తూ దొరికిందో తెలియదు. మర్నాడు పొద్దున్నే గద్వాల పోయి, ఒక వకీలు దగ్గరి మున్షీని అడిగాడు. మున్షీ కాగితాన్ని దూరం పెట్టి, దగ్గర పెట్టి, కాపలావాడు నిద్రపోతే రాసే మాట అది అని తేల్చాడు. ఎండాకాలంలో రెండుసార్లు అతను ఆ స్తంభం కింద కునుకు తీసిన మాట నిజమే. దవాఖాన కంపౌండరును అడిగితే, సర్కారీ వస్తువును సొంతానికి వాడుకుంటే అలా అంటారన్నాడు. అదీ నిజమే. వారం కింద తమ మేకను ఆ స్తంభానికే కట్టేశాడు. బొంబాయి మిల్లులో నాలుగేండ్లు చేసి వచ్చిన బీడీల కొట్టు ఆయన మాత్రం కాగితం చూడకుండానే, దొంగసొత్తు దాచడం అని చెప్పాడు. ఎవరు ఏ అర్థం చెప్పినా తాను ఆ తప్పు చేసే ఉన్నాడు. ఇన్ని తప్పులు చేసే తీరిక తనకు ఎక్కడిదా అని కురుమూర్తికే ఆశ్చర్యం వేసింది.

రోజూ డ్యూటీ దిగి, చీకటి పడ్డాక ఇల్లు చేరి, గడప మీద తల వంచుకు కూర్చుని ఆనాటి తప్పు పద్మమ్మకు ఒప్పుకునేవాడు. లోపల నుంచి మగ్గం చప్పుడు వినిపిస్తూనే ఉండేది. నిద్ర సంగతి చెప్పాడు. మేక సంగతి చెప్పాడు. పెండ్లికి ముందు ఎప్పుడో జాతరలో చేసిన వెధవపని ఒకటి, ఎవరూ అడగకుండానే చెప్పాడు. మధ్యలో పద్మమ్మ ఏదో అనబోతే, నా కొలువే పోతుంటే నీకు మాటలెట్లా వస్తున్నాయని కసిరేవాడు. ఆమె ఊరుకునేది. నాలుగోనాడు మాత్రం మగ్గం ఆపి గట్టిగానే చెప్పింది.

"పుస్తకం చూసి చెప్పేటోన్ని అడుగు. నీ మొకం చూసి చెప్పేటోళ్ళను గాదు."

పుస్తకం ఉన్నవాడు గద్వాలలో ఒక్కడే. మిషన్ బడిలో చెప్పే ఇస్రాయేలు సారు. ఆయన దగ్గర ఇటుకంత లావు ఇంగ్లీషు నిఘంటువు ఉండేది. దాన్ని తెల్ల గుడ్డలో చుట్టి పెట్టి, చేతులు కడుక్కుంటే గానీ ముట్టేవాడు కాదు. ఆనాడు కూడా చేతులు కడుక్కుని, తుడుచుకుని, పేజీలు తిప్పి, వేలు ఒకచోట ఆపి చిరునవ్వు నవ్వాడు. కురుమూర్తి కళ్ళు మూసుకున్నాడు.

దీపం నిలకడ లేకుండా వెలగడమే ఆ మాటకు అర్థమని ఇస్రాయేలు చెప్పాడు. అంతటితో ఆగే మనిషైతే ఆయన బడిపంతులు ఎందుకవుతాడు? ఆ మాట పుట్టింది దీపం దగ్గర కాదన్నాడు. వెయ్యేండ్ల కింద ఇంగ్లీషు జనం, పిట్ట ఎగరకుండా ఉన్నచోటనే రెక్కలు కొట్టుకుంటే ఆ మాట అనేవారట. ఎన్నో వందల ఏండ్లు అది పిట్టల మాటగానే ఉండి, తర్వాతే దీపం మీదికి వచ్చి వాలిందట. చెబుతూ చెబుతూ సారు రెండు చేతులూ చంకల దగ్గర పెట్టుకుని ఆడించి కూడా చూపించాడు. బడి పిల్లలు కిటికీలోంచి చూసి మురిసిపోయారు.

కురుమూర్తికి ప్రాణం లేచి వచ్చింది. "గింతేనా సారూ? దీపం రెపరెప కొట్టుకున్నదనా? మేం గూడ పిట్టకూ దీపానికీ గదే అంటం గద" అన్నాడు. ఆ దొరల తాతలూ తన తాతలూ ఎక్కడో ఒకే దీపం ముందు కూర్చుని ఉంటారనిపించింది. నిద్ర కాదు, మేక కాదు, దొంగసొత్తు అంతకన్నా కాదు. దండం పెట్టి లేవబోయాడు.

"కూర్చో. సంజాయిషీ రాయాలి కదా" అన్నాడు ఇస్రాయేలు, కలం తీసి. "దీపం ఎందుకు అట్లా కొట్టుకుంటున్నది?"

కురుమూర్తి నోరు తెరిచాడు. తన వేళ్ళ నుంచే కానుగ నూనె వాసన ముక్కుకు తగిలింది. చిక్కటి నూనె వత్తికి పట్టి గడ్డకడుతుందని, మంట చిటపటలాడుతుందని లాంపుమాన్‌కు తెలియనిదేం కాదు. ఇన్నాళ్ళూ ఆ ఆలోచనను దగ్గరికి రానివ్వలేదు, అంతే. మున్షీ, కంపౌండరు, బీడీల ఆయన తిప్పి తిప్పి చంపితే, ఈ చల్లని మనిషి ఒక్క ప్రశ్నతో తెచ్చి అసలు చోట నిలబెట్టాడు. గాలి అని రాయమని బతిమాలాడు. చూడని గాలి మీద సాక్ష్యం రాయనన్నాడు ఇస్రాయేలు. చెప్పింది రాస్తాను, కానీ చెప్పేది నిజమై ఉండాలన్నాడు. చివరికి కురుమూర్తి అంతా చెప్పేశాడు. సారు అంతా రాశాడు. కింద కురుమూర్తి వేలిముద్ర పడింది.

ఆ కాగితం చూసి రామచంద్రయ్య మొహం సున్నం కొట్టినట్టయింది. కురుమూర్తి సీసా గురించి ఆయనకు బెంగ లేదు. ఆ సీసా గురించి విచారణ మొదలైతే స్టేషను నూనె డబ్బా దాకా వస్తుంది. డబ్బా దాకా వస్తే, మాస్టరు ఇంట్లో యుద్ధం ఎరగకుండా తెల్లారే దాకా వెలుగుతున్న రెండు కందీళ్ళ దాకా వస్తుంది. మాట అర్థం, దాని పుట్టుక రెండూ కురుమూర్తి నోట విని, ఆయన కళ్ళు మెరిశాయి. పాత కాగితాన్ని చాయ్ పొయ్యిలో పడేసి, తానే కొత్తది రాశాడు. దీపపు పెట్టెలో గోరింక ఒకటి గూడు కట్టిందని, అది రెక్కలు కొట్టుకోవడం వల్ల మంట కదులుతున్నదని రాశాడు. మాట పుట్టిందే పిట్ట దగ్గర గనుక తప్పు కూడా పిట్టదే కావడం న్యాయమని ఆయనకు తోచింది. కురుమూర్తికి సిగ్గనిపించింది. కానీ కొలువు నిలుస్తుందన్న ఆశ ముందు ఆ సిగ్గు నోరెత్తలేదు.

ఎనిమిదో నాడు ట్రాలీ మీద ఇన్‌స్పెక్టరు దొరే స్వయంగా దిగాడు. ఎవరితోనూ మాట్లాడకుండా ఔటర్ దగ్గరికి నడిచి, టోపీ కింద పెట్టి, స్తంభం ఎక్కాడు. దీపపు పెట్టె తెరిచాడు. గూడు లేదు. నూనెలో వేలు ముంచి వాసన చూసి దిగాడు. రామచంద్రయ్య ఇంగ్లీషులో గోరింక గురించి తనకు వచ్చిన నాలుగు ముక్కలూ చెప్పాడు. గూడు ఏమైందో చెప్పడానికి మాటలు చాలక, చెయ్యి ఆకాశం వైపు ఊపాడు. దొర అంతా విని, కురుమూర్తి వైపు తిరిగాడు. ఆయన గుంతకల్లు రైల్వే క్వార్టర్లలో పుట్టి, అక్కడి తెలుగు పిల్లలతో గోళీలాడి పెరిగినవాడని ఆ స్టేషనులో ఎవరికీ తెలియదు.

"ఏమప్పా, ఆ పిట్ట వారానికి ఎన్ని సీసాల గాసునూనె తాగుతాది?"

మాస్టరు కాళ్ళ కింద కంకర కరకరమంది. కురుమూర్తికి పద్మమ్మ గుర్తొచ్చింది, ఇద్దరు పిల్లలు గుర్తొచ్చారు. మళ్ళీ ఇంకో పిట్టను పుట్టించే ఓపిక మాత్రం లేకపోయింది.

"ఒక్క సీసా దొరా. పిట్ట గాదు, నేనే పట్టుకపోయిన. మా ఇంటిది దీపం లేక నెయ్యలేకపోతున్నది. వెలితికి కానుగ నూనె పోసిన. తప్పు నాదే."

"ఆఫీసు లెక్కలో డబ్బాకు పడిన తరుగు వారానికి ఐదు సీసాలప్పా. తక్కిన నాలుగు?"

"ఆ పిట్టలు నాకెరుక లేదు దొరా" అన్నాడు కురుమూర్తి. నిజంగానే ఎరుక లేదు. అందుకే ఆ మాట అంత సూటిగా పోయి మాస్టరుకు తగిలింది.

ఇక మీదట నూనె డబ్బా సీలు వేసి పంపుతానని, సీసా ఒక్కటి కదిలినా కొలువు ఉండదని దొర కురుమూర్తితో చెప్పాడు. ఈసారికి వదిలేస్తున్నానన్నాడు. నాలుగు సీసాల సంజాయిషీ ఏడు రోజుల్లో రాయమని మాస్టరుకు చెప్పి, ట్రాలీ ఎక్కాడు.

కురుమూర్తి ఆ పూట చీకటి పడ్డాక ఇంటికి పరుగు లాంటి నడకతో వచ్చాడు. గడప మీద కూర్చుని, కొలువు ఉన్నదని, నూనె మాత్రం ఇక లేదని ఒక్క గుక్కలో చెప్పాడు. నువ్వు ఇక ఎట్లా నేస్తావని అడిగాడు. లోపల మగ్గం ఆగింది. పద్మమ్మ తడుముకుంటూ బయటికి వచ్చి, సీసా ఒకటి తెచ్చి అతని పక్కన పెట్టింది. అది మూతి దాకా నిండుగా ఉంది.

"ఆ కాగితం వచ్చిన దినం నుంచి నేను దీపం ముట్టియ్యలే. నీ కొలువు పోతదంటె ఆ నూనెను ముట్ట బుద్ధి గాలే. అంచు దగ్గరికి రాకుండ సాదా నేత నేస్తున్న. గంత మటుకు చేతికెరుకనే. తీస్కపోయి నీ దీపంల పొయ్యి."

కురుమూర్తి తలెత్తి ఇంట్లోకి చూశాడు. ఎక్కడా వెలుగు లేదు. హైదరాబాదు బండికి దారి చూపే మనిషి, ఎనిమిది రోజులుగా చీకటింట్లో కూర్చుని తన గోడు చెప్పుకుంటూ, ఇంట్లో దీపం లేదన్న సంగతే గమనించలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాటిని కప్పుకోవడానికి కొంచెం కోపం తెచ్చుకున్నాడు.

"మరి నాకొక్క మాట చెప్పకపోతివి?"

"నువ్వు చెప్పనిస్తె గద" అంది పద్మమ్మ.