మడ్‌గార్డు లోపలి పక్క

మోటారు రేకుపని ఒక్క మనిషితో అయ్యేది కాదు. బయట సుత్తి పడే చోటికి సరిగ్గా లోపలి పక్క ఇనుప దిమ్మె ఆని ఉండాలి. దిమ్మె కాస్త తప్పినా రేకు సాగి బుడిపె లేస్తుంది. ఒకసారి లేచిన బుడిపెను మళ్ళీ లొంగదీయడం మహా కష్టం. డోన్లో గాబ్రియేలు చేతిపనికి పేరు వచ్చిందంటే అందులో సగం ఆయన భార్య జీవమ్మది. ఆయన బయట కొడుతుంటే ఆమె మడ్‌గార్డు కిందికి దూరి దిమ్మె పట్టేది. సుత్తి చప్పుడును బట్టే దిమ్మెను ఎటు జరపాలో ఆమెకు తెలిసేది. దిమ్మె జరపమని ఆయన నోటితో చెప్పాల్సిన పని ఉండేది కాదు.

ఎప్పుడో రేకు కోసుకుని జీవమ్మ కుడిచేతి చూపుడువేలు వంగకుండా అయిపోయింది. అందుకని ఆమె దిమ్మెను కొంచెం వాలుగా పట్టేది. దెబ్బ పడినప్పుడల్లా దిమ్మె అంచు తగిలి లోపలి పక్క గోరు నొక్కినట్టు చిన్న గుర్తు పడేది.

"మళ్ళీ గోర్లు పడుతాండాయి చూడు," అని గాబ్రియేలు విసుక్కునేవాడు.

"లోపలి పక్క ఎవురు చూస్తారు? చక్రం చూస్తాది, అంతే గదా! అది ఎవురికీ చెప్పదులే," అనేది ఆమె కింద నుంచే.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఆ ఎండాకాలం జీవమ్మ జ్వరంతో పోయింది. సంఘంవాళ్ళు వచ్చి ఆదరణ కూడిక జరిపారు. ఆమె చీరలు చుట్టాలు పంచుకున్నారు. ఫోటో ఎప్పుడూ తీయించుకోలేదు. ఇద్దరూ కలిసి చేసిన పనేమో కార్లతోపాటు వాటి సొంతదార్ల దగ్గరికి పోయింది. కొట్లో ఆమెదంటూ మిగిలింది పాత చీరపేలిక చుట్టిన దిమ్మె ఒక్కటే. అది పెట్టె మీద ఎక్కడ పెట్టిందో అక్కడే ఉంది.

గాబ్రియేలు ఏడవలేదు. ఆదివారం గుడిలో అందరూ లేస్తే లేచేవాడు, అందరూ కూర్చుంటే కూర్చునేవాడు. మరదలు కృపమణి గంజి తెచ్చి ముందు పెడితే తాగేవాడు. సుత్తి వేలి మీద పడిన తొలి క్షణంలో వేలు మొద్దుబారుతుంది, నొప్పి ఆ తర్వాత వస్తుంది. ఆయన ఆ మొద్దుతనంలోనే ఉండిపోయాడు. కారుపని మానేసి కిరసనాయిలు గరాటాలు, డబ్బాలకు అతుకులు, దీపపు బుడ్లు చేసుకుంటూ కూర్చున్నాడు. అవి ఒక్కరు చేసుకునే పనులు.

అప్పుడు బనగానపల్లె మామిడికాయల వ్యాపారి హనుమన్న ఒక కారును ఎద్దులతో ఈడ్పించుకుని వచ్చాడు. అది ఇరవై ఏండ్ల కిందట ఇంగ్లండు నుంచి వచ్చిన సీమ కారు. ఇంజను మంచిదే. ముందు మడ్‌గార్డు ఒకటి మాత్రం తుప్పు తిని అప్పడంలా అయి, వేగంగా పోతే విరిగి చక్రంలో పడేటట్టు ఉంది.

"ఏమప్పా గాబ్రియేలూ, కాయ దిగేలోపల ఇది కదలాల. ఈ తుప్పు బండిలో నా పక్కన కూచునేదానికి సిగ్గుపడి మా ఇంటామె ఇప్పుడే ముసుగేసుకుంటాండాది," అన్నాడు హనుమన్న.

"కొత్తది కొట్టేదానికి నాతో కాదన్నా."

"ఏం? చేతులకేమైంది?"

"చేతులు బాగానే ఉండాయి."

హనుమన్న పెట్టె మీది దిమ్మె వైపు చూశాడు. ఆ కారు రేకులు చేయడం కంపెనీ ఎప్పుడో మానేసింది. కడపలో మాబు సాయిబు అనే ఆయన మాత్రం పాత ముక్కను నమూనాగా పెట్టుకుని, దానికి సరిపోయే కొయ్య అచ్చు చెక్కించి, ఆ అచ్చు మీద రేకు పరిచి కొట్టి అలాంటి మడ్‌గార్డులే చేసి అమ్ముతున్నాడు. అక్కడ కొనుక్కోమన్నాడు గాబ్రియేలు.

"నాకు మామిడికాయ తెలుసు గానీ రేకేం తెలుసప్పా! నువ్వూ రావాల," అని హనుమన్న పట్టుబట్టాడు. గుంతకల్లులో రైలుబండి మారి ఇద్దరూ కడప చేరారు.

మాబు సాయిబు కొట్లో మడ్‌గార్డులు బోర్లించిన అరటిదోనెల్లా ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. గాబ్రియేలు పై దాని మీద అరచెయ్యి పెట్టి ముందు నుంచి వెనక్కి నిమిరాడు. వంపు బాగుంది. తోక దగ్గర, రేకు ఫుట్‌బోర్డు మీద ఆని కూర్చునే చోట, అరచేతి వెడల్పున చదును తగిలింది. చెయ్యి అక్కడ ఆగింది. కింది దాన్ని నిమిరాడు. దానికీ ఉంది. ఆ కిందిదానికీ ఉంది.

"నమూనా ఏది సాయిబూ?"

"చూడు భాయ్, చూడు! సీమ నుంచి వచ్చిన అసలు ముక్క. పాత ఇనుములో దొరికింది. ఇట్లాటి పని మన దేశంలో ఎవురికొస్తాది?" అంటూ మాబు సాయిబు అటక మీది నుంచి ఒక పాత మడ్‌గార్డు దించాడు.

గాబ్రియేలు దాన్ని తిప్పి లోపలి పక్క చూశాడు. వరసగా గోరు గుర్తులు. తోక వైపు ఇంకా దగ్గర దగ్గరగా ఉన్నాయి.

అది పత్తికొండ బాడుగ కారుకు వాళ్ళిద్దరూ చేసింది. బండి గుద్ది ఆ కారు ఫుట్‌బోర్డు కొన పైకి లేచి ఉండింది. దాన్ని వంచితే విరిగేటట్టు ఉండింది. అప్పుడు కింద నుంచి జీవమ్మే అంది, "దాన్ని కదిలించొద్దు. దీన్నే ఈడ రవంత చదును చేస్తే సక్కగా కూచుంటాది." ఆమె దిమ్మె పట్టింది, ఆయన కొట్టాడు. చక్కగా కూర్చుంది. ఆ కారు ఎప్పుడో తుక్కులోకి పోయింది. మాబు సాయిబు చేసిన ప్రతి మడ్‌గార్డులోనూ ఆమె చదును మాత్రం అలాగే వస్తూ ఉంది.

ఫుట్‌బోర్డు తిన్నగా ఉన్న ఏ కారుకూ అది కూర్చోదు. ఆ సంగతి గాబ్రియేలుకు ఆ క్షణమే తెలిసింది. అయినా పాత ముక్కను తిప్పి సాయిబు చేతికిచ్చాడు.

"బాగుండాదా?" అని అడిగాడు హనుమన్న.

"రేకు మంచిదే," అన్నాడు.

డోన్లో కారుకు పెట్టి చూస్తే మడ్‌గార్డు తోక దగ్గర ఎత్తుగా లేచి నిలబడింది. సందులోంచి పిల్లి దూరేటట్టుంది. హనుమన్న మాబు సాయిబును వాళ్ళ తాత దాకా తిట్టాడు. తర్వాత కారును తిట్టాడు. ఆ మీదట గాబ్రియేలు వైపు తిరిగాడు. "ఇప్పుడేం చేయాలప్పా?"

గాబ్రియేలు చాలాసేపు ఆ సందును చూశాడు. రేకు తప్పుగా ఉంది. కళ్ళముందు తప్పుగా ఉన్న రేకును అలా వదిలి గరాటాలు చేసుకోవడం ఆయన వల్ల కాలేదు. పెట్టె మీది దిమ్మె తీసి హనుమన్న చేతిలో పెట్టాడు. "కింద కూచో అన్నా. ఆ చదును కాడ లోపల ఆనించు."

"నేనా? ఇది మొగుడూ పెండ్లాలు చేసే పని గదప్పా! ఊళ్ళోవాళ్ళు చూస్తే ఏమనుకుంటారు?"

"పైకి... పైకి కాదు, నీ పక్కకి. గట్టిగా ఆనించు."

"ఈ పేలికలోకి నా చెయ్యి పట్టదే!"

ఆ చేతిపట్టు చిన్న చెయ్యికి చుట్టింది. గాబ్రియేలు ఒక్క క్షణం ఆగి ముడి విప్పాడు. పేలికను మళ్ళీ వదులుగా చుట్టి ఇచ్చాడు. సుత్తి ఎత్తాడు. హనుమన్న దిమ్మె తప్పిస్తూ, అరుస్తూ, వేళ్ళు ఊదుకుంటూ పట్టాడు. ఆయన పట్టు నిటారుగా ఉంది. లోపల గోరు గుర్తులు పడలేదు. చదును కొంచెం కొంచెంగా లేచి వంపులో కలిసిపోయింది. పెట్టి చూస్తే ఫుట్‌బోర్డు మీద సరిగ్గా కూర్చుంది. గాబ్రియేలుకు సంతోషమూ కలగలేదు, బాధా కలగలేదు. చెయ్యి పెట్టి నిమిరాడు. ఎక్కడా ఆగలేదు.

హనుమన్న చెమట తుడుచుకుంటూ అన్నాడు, "తప్పు ఆ సాయిబు అచ్చులోనే ఉండాది. నువ్వు చెప్పొచ్చు గదప్పా. లేకుంటే కొన్నోళ్ళందురూ నా మాదిరే ఏడవాల."

గాబ్రియేలు సుత్తి తీసి పెట్టెలో పెట్టాడు. ఆ అచ్చు ఉన్నంతకాలం జీవమ్మ చదును కొత్త రేకుల మీద పుడుతూనే ఉంటుంది. చెబితే అది ఆగిపోతుంది. చెప్పకపోతే ముక్కు మొహం తెలియని వాళ్ళు ఎక్కడో, సరిగ్గా ఆనని రేకును గుద్ది పాడుచేస్తారు. మరునాడు గరాటాకు అతుకు వేస్తూ రెండుసార్లు వేలు కాల్చుకున్నాడు.

ఆదివారం గుడి నుంచి వస్తూ కృపమణితో అన్నాడు, "రేపు కడపకు పోతాండా."

"మళ్ళీనా బావా? ఏం పని?"

"మీ అక్క పని ఒకటి మిగిలుండాది."

ఆమె పొద్దున్నే పొయ్యి వెలిగించింది. రొట్టెలు కట్టి ఇచ్చింది.

అచ్చులో తప్పుందంటే మాబు సాయిబు మొదట ఒప్పుకోలేదు. "సీమ పనికే తప్పు పడతావా భాయ్!" అని నవ్వాడు. గాబ్రియేలు వాదించలేదు. ఆ రేకు ఎవరు చేశారో చెప్పలేదు. కొట్టు ముందు ఆగిన అదే రకం బాడుగ కారు దగ్గరికి మడ్‌గార్డు మోసుకెళ్ళి పెట్టి చూపించాడు. సందు చూసి మాబు సాయిబు గడ్డం గోక్కున్నాడు.

"అల్లా! కొన్నోళ్ళు నన్ను తిట్టింది ఇందుకేనా! మీ కార్లే వంకరని నేను అందర్నీ ఎదురు తిడుతుంటిని."

గాబ్రియేలు చింతచెక్క పేడు ఒకటి అడిగి తీసుకున్నాడు. అచ్చు మీద చదునున్న చోట బంక పూసి ఆ పేడును బిగించాడు. మధ్యాహ్నం దాకా ఆరనిచ్చాడు. ఆకురాయితో కొంచెం కొంచెంగా అరగదీశాడు. మధ్య మధ్య కళ్ళు మూసుకుని అరచేత్తో నిమిరేవాడు. మొదట చెయ్యి ఆగింది. కొంతసేపటికి కాస్త మాత్రమే తగిలింది. చివరికి నిమిరితే జారిపోయింది. చదును ఎక్కడ ఉండిందో ఆయనకే తెలియలేదు. ఇంకోసారి నిమిరాడు. పని సరిగ్గా ఉంది.

"కూలి ఏం తీసుకుంటావు భాయ్?"

"ఆ పాత ముక్క ఇస్తావా?"

"అదా? వంకర ముక్కని ఇప్పుడే గదా రుజువు చేసినావు. దాంతో ఏం చేస్తావు?"

"రేకు మంచిది."

బండిలో దాన్ని సీటు కింద పట్టించలేక ఒళ్ళో బోర్లించుకుని కూర్చున్నాడు. ఎదురు బల్ల మీద ఒక ముసలామె ఆకూవక్కా నములుతూ చూసింది. "ఏమప్పా, ఇంత పెద్ద మూకుడు ఏ పెండ్లికి?" అంది. పక్కవాళ్ళు నవ్వారు. గాబ్రియేలు కూడా నవ్వినట్టు పెదవులు కదిపాడు. కిటికీలోంచి ఎండిన జొన్న చేలు, నల్ల బండలు వెనక్కి పోతున్నాయి. ఆయన చూపు వాటి మీద లేదు. రేకు కిందికి చెయ్యి దూర్చి ఉంచాడు. వేళ్ళకు గోరు గుర్తులు ఒకదాని తర్వాత ఒకటి తగులుతున్నాయి. గుంతకల్లులో బండి మారాలని పక్కవాళ్ళు చెప్పేదాకా చెయ్యి తీయలేదు.