అక్వేరియం వీర్రాజు గారి ఆరు చేపలు

ఏలూరులో మా ఆయన్ని అక్వేరియం వీర్రాజు గారంటారు. పాతికేళ్ళుగా గాజుతొట్టెలు బిగిస్తున్నారు. జంగారెడ్డిగూడెం నుంచి తాడేపల్లిగూడెం దాకా, డాక్టరు గారి క్లినిక్కులోగానీ బట్టల కొట్టులోగానీ గాజు వెనక నాలుగు చేపలు కనిపించాయంటే అందులో సగం ఆయన చేతి పనే. మిగతా సగాన్ని చూసి పెదవి విరుస్తారు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషి.

నేను ఆయన వెంట పనికి వెళ్ళడం మొదలుపెట్టి ఆరేళ్ళయింది. ఇసక కడగడం, మొక్కల వేళ్ళని దారంతో చెక్కకి కట్టడం, గాజు తుడవడం నా వంతు. "మీ ఇద్దరూ ఎంచక్కా కలిసి పనిచేసుకుంటారండీ" అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. బస్తాడు ఇసక తేట నీళ్ళు వచ్చేదాకా కడిగి చూడండి, ఎంచక్కా అంటే ఏమిటో నడుముకి తెలుస్తుంది.

మా ముందుగదిలో ఆరు డిస్కస్ చేపలుండేవి. పళ్ళెంలా గుండ్రంగా, పల్చగా, ఒంటి మీద నీలం చారలతో చూడముచ్చటగా ఉంటాయి. రూపాయి బిళ్ళంత ఉన్నప్పుడు తెచ్చారు. నాలుగేళ్ళలో అరచేతంత అయ్యాయి. వాటికి నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి. మా బోరు నీళ్ళలాంటి చవుడు నీళ్ళు పనికిరావు, ఫిల్టరు నీళ్ళు కలపాలి. రోజూ తొట్టెలో మూడో వంతు తోడి పారబోసి మళ్ళీ నింపాలి. నాకు జ్వరమొస్తే టాబ్లెట్ వేసుకోమనే మనిషి, ఆ చేపల్లో ఒకటి ముద్ద ముట్టకపోతే తానూ అన్నం మానేసేవారు. మొదట్లో నాకు కోపంగానే ఉండేది. తర్వాత ఎప్పుడు పోయిందో తెలియదు, పొద్దున్నే లైటు వెయ్యగానే అవి నా చెయ్యి కోసం గాజు దగ్గరికి వస్తుంటే నాకూ బాగుండేది.

నిరుడు ఆయన కుడి భుజం పట్టేసింది. బకెట్టు ఎత్తొద్దన్నారు డాక్టరు గారు. రెండు నెలలు నేనే మోశాను. ఒకరోజు గది మధ్యలో బకెట్టు దించి, అక్కడే కూర్చుని ఏడ్చేశాను. "నావల్ల కాదండీ, ఇంక నావల్ల కాదు" అన్నాను. ఆయన మర్నాటి నుంచి వాటికి ఇల్లు వెతకడం మొదలుపెట్టారు.

పిల్లకి సంబంధం చూసినట్టే చూశారు. గుండుగొలనులో ఒకాయన అడిగితే, వాళ్ళ హాల్లో ఏసీ గాలి నేరుగా తొట్టె మీదికొస్తోందని వద్దన్నారు. ఇంకో ఇంట్లో టీవీ చప్పుడు ఎక్కువట. ఆఖరికి దెందులూరులో చేపల చెరువులున్న రైతు కృష్ణమోహన్ గారు నచ్చారు. తాడేపల్లిగూడెంలో స్నేహితుడింట్లో డిస్కస్ చూసి ముచ్చటపడ్డారాయన. మనిషికి చేపంటే ఇష్టం, ఇంట్లో పెద్దావిడ ఎప్పుడూ ఉంటుంది, చూసుకుంటుందని మా ఆయన ధైర్యం.

ఆరడుగుల తొట్టె బిగించాం. అడుగున మన్ను, పైన ఇసక, మధ్యలో పెద్ద చెట్టువేరు, దాని చుట్టూ వెడల్పాకుల మొక్కలు. నీళ్ళు నింపి, చేపలు వదలడానికి నలభై రోజులాగాలన్నారు మా ఆయన.

"మా చెరువుకి నీళ్ళు పెట్టిన వారానికి చేపపిల్ల వదిలేస్తామండీ, ఈ తొట్టెకి నలభై రోజులేంటండీ?" అన్నారు కృష్ణమోహన్ గారు.

ప్రతి ఇంట్లోనూ ఇదే ప్రశ్న. చేప విసర్జించే విషాన్ని తినే సూక్ష్మజీవులు ఇసకలో పుట్టాలని, అవి పుట్టడానికి అంత సమయం పడుతుందని ఆయన పాతికేళ్ళుగా చెబుతున్నారు. ఆ రోజు కూడా చెప్పారు గానీ, గొంతులో జీవం లేదు. పాఠం అప్పజెప్పినట్టు చెప్పారు.

నలభై రోజులయ్యాక ఆరు చేపల్నీ తీసుకెళ్ళి వదిలాం. సంచుల్లో చేపలు తొట్టె నీళ్ళకి అలవాటు పడేదాకా గంటన్నర నిలబడ్డాం. అప్పుడు కృష్ణమోహన్ గారి తల్లి జగదాంబ గారు వచ్చి, పైపు చుడుతున్న మా ఆయన్ని అడిగింది.

"ఏవండీ వీర్రాజు గారూ, ఇవి డీలా పడితే ఏం చెయ్యమంటారండీ?"

ఆయన పైపు పట్టుకుని బయటికి వెళ్ళిపోయారు. వినబడలేదనుకున్నాను. ఆవిడ నా వైపు తిరిగింది. పొద్దుట్నుంచి నీళ్ళలో నాని నా వేళ్ళు ముడతలు పడ్డాయి. ఎప్పుడెప్పుడు ఇంటికి పోదామా అని ఉంది.

"మీకు మేం చెప్పాలాండీ! నలభై ఏళ్ళుగా చేపల మధ్యే ఉన్నారు. మీ చెరువు చేపల్లాగే చూసుకోండి" అన్నాను. మర్యాదగా ఉంటుందని అన్నాను. తొందరగా తెమిలిపోతుందని కూడా అన్నాను. ఆవిడ ముఖం వెలిగిపోయింది.

డిస్కస్ చోటు మారితే వారం రోజులు నల్లబడి, ఓ మూలకి చేరి, మేత ముట్టదు. తర్వాత అదే సర్దుకుంటుంది. అది మాకు తెలుసు, ఆవిడకి తెలియదు. ఆవిడకి తెలిసిందల్లా చెరువుల్లో పెంచే శీలావతి, బొచ్చె. చెరువులో చేప మందగిస్తే సున్నం చల్లాలని కాపురానికొచ్చిన ఏడాదే నేర్చుకుంది. మూడో రోజు పొద్దున గుప్పెడు సున్నం గిన్నెలో కలిపి, చల్లార్చి, బట్టలో వడకట్టి మరీ తొట్టెలో పోసింది. పైగా వాటికి ఘాటు తగలకూడదని చెంచాతో కొంచెం కొంచెంగా పోసిందట.

ఫోనొచ్చి మేం వెళ్ళేసరికి అన్నీ అయిపోయాయి. నీళ్ళు గంజిలా ఉన్నాయి. మొక్కల ఆకుల మీద తెల్లగా పొర. ఆరూ పక్కకి ఒరిగి తేలుతున్నాయి. మా ఆయన కుడిచెయ్యి లేవక, ఎడమచేత్తో ఒక్కొక్కదాన్నే తీసి తడిగుడ్డ మీద పెట్టారు. నేను అటు చూడలేకపోయాను.

కృష్ణమోహన్ గారు తల్లి మీద కేకలేస్తున్నారు. "సున్నం పొయ్యమని నీకెవరు చెప్పారమ్మా? అన్నీ నీకే తెలుసా?"

జగదాంబ గారు ఒక్కసారి నా వంక చూసింది. "ఎవరూ చెప్పలేదురా. నా బుద్ధే గడ్డి తింది" అంది.

నేను చెప్పులు వేసుకుని బయటికొచ్చేశాను.

హైవే మీద ఏలూరు వైపు బండి పోతోంది. కాస్త దూరం పోయాక ఇంక ఆపుకోలేక ఆయన వీపుకి చెప్పాను. "చెరువు చేపల్లాగే చూసుకోమని నేనేనండీ ఆవిడతో అన్నది. అలిసిపోయి, ఏదో ఒకటి అనేశాను."

ఆయన బండి పక్కకి తీసి ఆపారు. తిట్టినా బాగుండేది.

"ఆవిడ ముందు నన్నడిగింది సుబ్బలక్ష్మీ" అన్నారు. "వినబడింది. మళ్ళీ మొదట్నుంచీ చెప్పాలంటే ఓపిక లేక, విననట్టు వెళ్ళిపోయాను."

లారీలు పోతుంటే బండి ఊగుతోంది. ఇంటికెళ్ళి పడుకోవాలని ఎంత ఉందో నాకే తెలుసు. ఆయన బండి వెనక్కి తిప్పారు.

హాల్లో కృష్ణమోహన్ గారు ఫోన్లో మాట్లాడుతున్నారు. పెద్దావిడ తొట్టె ముందు నేలమీద కూర్చుని, గాజు మీద సున్నపు మరక కొంగుతో రుద్దుతోంది. నేనే ముందు చెప్పాను, కొడుకుకి వినబడేటట్టు. "చెరువు చేపల్లాగే చూడమని చెప్పింది నేనండీ. మీ అమ్మగారు నేను చెప్పినట్టే చేశారు." ఆవిడ ముందు తనని అడిగితే విననట్టు వెళ్ళిపోయిన సంగతి మా ఆయన చెప్పారు. కృష్ణమోహన్ గారు ఫోను పెట్టేసి తల్లి వైపు చూశారు.

జగదాంబ గారు నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "దీనికోసం ఇంతదూరం వెనక్కి వచ్చారా అమ్మా? మావాడి కోపం ఎంతసేపు, సాయంత్రానికి పోయేది."

"ఆయనది పోతుందండీ" అన్నాను. "చేపలు మీ వల్లే చచ్చిపోయాయని మీరనుకునేది పోదు కదండీ."

ఆవిడ అప్పటిదాకా ఏడవలేదు.