అయ్య అలికిన ఎర్రగోడ

మొన్న ఆదివారం మా అబ్బాయి అరకులో ఉన్న మా ఇంటి బయటి గోడలకు రంగులేయిస్తానని పెయింటర్లను పిలిచి, రంగుల కార్డు నా ఒళ్ళో పెట్టి, ఏ రంగు కావాలో నువ్వే చెప్పమ్మా అన్నాడు. ఎర్రమన్నుకు దగ్గరగా ఉన్న ఒక రంగు మీద నా వేలు ఆగిపోయింది. ఆశ్రమ పాఠశాలలో ఇన్నేళ్ళు పాఠాలు చెప్పి గొంతు అరగదీసుకున్నదాన్ని, ఒక్క రంగు పేరు చెప్పలేక కళ్ళొత్తుకుంటుంటే పాపం వాడు బిక్కమొహం వేశాడు. వాడికేం తెలుస్తుంది? నా ఈడు వాళ్ళకు చెప్పుకోవలసిన సంగతి ఇది.

మాది ముంచింగిపుట్టులో బస్సు దిగి కొండ మీదికి పూటంతా నడిస్తే వచ్చే ఊరు. అన్నీ మట్టిగోడల ఇళ్ళే. చైత్రంలో ఇటుకల పండగ, అంటే మా వేట పండగ, వస్తోందంటే ఆడవాళ్ళు ఎర్రమన్ను తవ్వి తెచ్చి, నానబెట్టి, గుడ్డముక్కతో బయటి గోడలు అలికేవారు. మగవాళ్ళ పని వేట; వాళ్ళు గోడ జోలికి వచ్చేవారు కారు. ఏ ఇంటి గోడ ఆ ఇంటి ఆడమనిషే అలకాలి. పండగకు గోడ అలకలేదంటే ఆ ఇంటి ఇల్లాలు పోయిందని లెక్క, పరాయి ఆడది వచ్చి అలికితే ఆ ఇంటికి పెళ్ళాంగా వచ్చిందని లెక్క. అందుకే ఎంత దగ్గరి చుట్టమైనా ఇంకొకరి గోడ మీద చెయ్యి వేసేది కాదు.

నా చిన్నప్పుడు ఒక ఏడు చలికాలంలో అమ్మకు పట్టుకున్న జ్వరం విడవలేదు. ఒళ్ళు పచ్చబడి, మమ్మల్ని కూడా గుర్తుపట్టలేని స్థితికి వచ్చాక, డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకెళ్ళారు. అక్కణ్ణుంచి మా మేనమామ, అంటే అమ్మను అప్పా అని పిలిచే ఆమె తమ్ముడు, ఆమెను పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. పాలు మరవని తమ్ముడూ నేనూ ఇంట్లో ఉన్నాం కనుక అయ్య ఉండిపోయాడు. ఆ తర్వాత కబురు లేదు. సంత జరిగే రోజున అయ్య కిందికి దిగి, బస్సులోంచి వచ్చే ప్రతి మనిషినీ అడిగి, ఇంటికొచ్చి గుమ్మంలో కూలబడేవాడు. ఏం వినవలసి వస్తుందో అన్న భయంతో నేను అడగడమే మానేశాను.

పండగ దగ్గరపడి ఊరంతా ఎర్రగా మెరుస్తుంటే, మా గోడ ఒక్కటే నిరుటి వానలకు కడుక్కుపోయి బోసిగా నిలబడింది. మా ఇంటి ముందు నడిచేవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. నాకు అవ్వ వరసయ్యే ఒక ముసలామె నా తల నిమిరి, "మీ అమ్మ మరి రాదే గుంటా" అంది. గోడ అలికితే అమ్మ బతుకుతుందని, అలకకపోతే మేమే చంపుకున్నట్టని నా చిన్న బుర్రకు తోచింది. ఎలాగో ఎర్రమన్ను మోసుకొచ్చి, కుండలో నానబెట్టి, నాకు అందినంత మేర పూశాను. ముందు గోడను బాగా తడపాలన్న సంగతి నాకేం తెలుసు? ఎండిన గోడ నీళ్ళన్నీ తాగేసి, మధ్యాహ్నానికల్లా మన్ను పెచ్చులు పెచ్చులుగా ఊడిపడింది. ఆ పెచ్చులను అరచేతులతో గోడకు అదిమి పట్టుకుని, పడిపోవద్దని వాటిని బతిమాలుతూ ఏడ్చాను. అంత దిక్కులేని ఏడుపు నేను మళ్ళీ ఎన్నడూ ఏడవలేదు.

మర్నాడు మగవాళ్ళంతా విల్లంబులు పట్టుకుని వేటకు బయల్దేరితే అయ్య కదల్లేదు. గోడంతా నీళ్ళతో తడిపి, నా మన్నుకుండ దగ్గరికి లాక్కుని అలకడం మొదలుపెట్టాడు. నీళ్ళకు పోయే ఆడవాళ్ళు నిలబడి చూశారు. ఒకామె నవ్వబోయి, అయ్య ఏడుస్తున్నాడని గమనించి నోరు మూసుకుంది. "సావలేదు, మనిషి బతికే ఉంది" అని గొణుగుతూ పొద్దువాలే దాకా అలుకుతూనే ఉన్నాడు.

ఆ సాయంత్రమే అమ్మ వచ్చింది. వచ్చింది కానీ ఇంటికి రాలేదు. మలుపు తిరగ్గానే ఎర్రటి మా గోడ కనబడి, దారిలోనే కూలబడిపోయింది. మేనమామ ఒక్కడే రొప్పుతూ పరిగెత్తుకొచ్చి, "బావా, బేగి రా, అప్ప ఇంటికి రానంతంది" అన్నాడు. అయ్య పరుగందుకున్నాడు, వెనకాలే నేను.

ఎముకల గూడులా ఉన్న అమ్మ అయ్య మొహమైనా చూడలేదు. "ఎవుల్ని తెచ్చినావు నా ఇంటికి?" అంది. అయ్య రెండు చేతులూ ఆమె ముందు చాపాడు. మోచేతుల దాకా ఎర్రమన్ను. అమ్మ ఆ చేతులను చూసింది, తలెత్తి గోడను చూసింది. "నువ్వే అలికినావేటి?" అంటూ ఆ చేతుల్లోనే మొహం పెట్టుకుని భోరుమంది. నేనూ వెళ్ళి అమ్మ ఒళ్ళో పడ్డాను.

అమ్మ ఆ తర్వాత చాలా ఏళ్ళే బతికింది. ఇప్పుడు మా ఊళ్ళోనూ సిమెంటు గోడలు, కొట్లో కొన్న రంగులు వచ్చాయి. కూలికి వచ్చిన వాళ్ళెవరైనా వేసిపోతారు, ఏళ్ళ తరబడి చెక్కు చెదరదు. అయ్య పడ్డ ఆ నరకయాతన ఇక ఏ మగవాడికీ లేదు, అందుకు సంతోషమే. కానీ రేపు నేను పోయినా ఈ గోడ ఇలాగే కొత్తగా మెరుస్తుంటుంది. లోపల ఒక మనిషి లేదన్న సంగతి ఏ బాటసారికీ తెలియదు.